చప్పుడు చెయ్యని టాపెట్టు

నిండు కుండ తొణకదంటారు. నిజమే. కాని ఒట్టి కుండ కూడా తొణకదు. ఈ రెండో మాట సామెతలో లేదు కనుక దాన్ని మనం గుర్తు పెట్టుకోం. చప్పుడు చెయ్యనిదల్లా నిండుగా ఉందనుకుని నిశ్చింతగా ఉంటాం. మనిషికైనా, సంసారానికైనా, ఆఫీసుకైనా ఇదే కొలత వాడుతుంటాం. ఈ కొలత ఎంతవరకు సరైనది? నేను కామర్సు చదువుకుని బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. వేదాంతం నా వృత్తి కాదు. అందుచేత నాకు తెలిసిన ఒక ఇనుప వస్తువును ముందు పెట్టుకుని మాట్లాడతాను.

ఆ వస్తువు పాత 350 బుల్లెట్ మోటారు సైకిలు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరు కర్మాగారం పేరు వినని మెకానిక్కు ఈ దక్షిణాదిలో ఉండడు. ఆ బండిలో పోత ఇనుము సిలిండరు ఒక్కటే, నిలువుగా ఉంటుంది. లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సి.సి. నీళ్లతో చల్లబడే ఏర్పాటు లేదు. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే గాలే దానికి చలవ. ఆ రకం ఇంజను తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది గాని, బండ్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఇంజనులోకి పెట్రోలు ఆవిరి వచ్చే దారికి ఒక వాల్వు, పొగ పోయే దారికి ఒక వాల్వు. కింద తిరిగే క్యామ్ టాపెట్టును లేపుతుంది, టాపెట్టు పుష్‌రాడ్డును లేపుతుంది, అది పైనున్న రాకరును తోస్తే వాల్వు తెరుచుకుంటుంది. ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట కాస్త వెసులుబాటు ఉండాలి. ఎందుకంటే వేడికి సిలిండరు పొడుగవుతుంది, వాల్వు కాడ పొడుగవుతుంది, పుష్‌రాడ్డూ పొడుగవుతుంది. ఇవన్నీ ఒక్కలా పొడుగవవు. ఈ బండికి చెప్పిన కొలత చిత్రంగా ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రెండు వాల్వులూ మూసుకుని పిస్టను పైకొచ్చిన చోట ఆపాలి. అప్పుడు పుష్‌రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు.

కొలత తప్పడం రెండు రకాలు. వదులైతే టక టకమని చప్పుడొస్తుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని, తెరుచుకోవలసినంత తెరుచుకోక, ముందుగానే మూసుకుంటుంది. బలం కొంత తగ్గుతుంది, కొట్టుకునే చోట అరుగుతుంది. బిగుతైతే చప్పుడే ఉండదు. కాని వాల్వు తన పీట మీద పూర్తిగా కూర్చోదు. పొగ వాల్వుకు తగిలిన వేడిలో ఎక్కువ భాగం, అది పీట మీద కూర్చున్న ఆ కాస్త సేపట్లోనే దిగిపోవాలి. కూర్చోనివ్వకపోతే ఆ వేడి దిగే దారి లేదు. పైగా సందులోంచి మంట జొరబడి అంచు కాలిపోతుంది. అంటే వదులు టాపెట్టు అల్లరి చేస్తుంది, బిగుతు టాపెట్టు కొంప ముంచుతుంది. ఇంకో సంగతి. పీట అరిగినకొద్దీ వాల్వు తలలోకి జరుగుతుంది, వెసులుబాటు దానంతటదే తగ్గుతుంది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఇంజను నెమ్మదిస్తే సంతోషించవలసిన పని లేదు.

తెలిసిన మేస్త్రీ అందుకే చెవి ఒక్కదాన్నే నమ్మడు. చల్లగా ఉన్నప్పుడు మోగి వేడెక్కాక తగ్గేది పిస్టను చప్పుడు కావచ్చునంటాడు. టాపెట్టు చప్పుడు ఇంజను వేగంలో సగం వేగంతో వస్తుంది, ఎందుకంటే ఇంజను రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. చల్లగా బాగా స్టార్టయిన బండి వేడెక్కాక కిక్కు కింద ఎదురు చూపకపోతే బిగుతును అనుమానిస్తాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కంప్రెషను చూస్తాడు. పెరిగితే తప్పు పిస్టను రింగులది, పెరగకపోతే వాల్వుల వైపు వెతకాలి. వీటన్నిటికీ ముందు, బండిని చల్లారనిస్తాడు. వచ్చినవాడికి తొందరగా ఉంటుంది గనుక ఈ చివరిదే అన్నిటికన్నా కష్టమైన పని.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. ఒకాయన బండి తెచ్చి, "చప్పుడు నాకు వినపడకూడదు, ఎంతైనా ఇస్తాను" అంటాడు. మేస్త్రీ స్పానరు ఇంకో పావు చుట్టు తిప్పితే చప్పుడు పోతుంది, ఆయన సంతోషంగా డబ్బిచ్చి వెళతాడు. మేస్త్రీ తప్పు చేసినట్టా?

చెయ్యలేదనేవాళ్లున్నారు. బండి ఆయనది, డబ్బు ఆయనది, అడిగింది చేసిపెట్టాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఈ వాదం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వ్యాపారమంతా దీని మీదే నడుస్తోంది. కాని ఆయన చప్పుడు ఎందుకు వద్దన్నాడు? చప్పుడు లేకపోతే బండి బాగున్నట్టేనని నమ్మాడు గనుక. కోరింది బండి బాగును, అడిగింది నిశ్శబ్దాన్ని. ఈ రెంటికీ పొంతన లేదని ఆయనకు తెలియదు, మేస్త్రీకి తెలుసు. తెలిసి కూడా అడిగిన మాటను పట్టుకుని కోరికను వదిలేసినవాడు నోటితో అబద్ధమాడకపోయినా స్పానరుతో ఆడినట్టే. పైగా వాల్వు కాలేది ఆ రోజు కాదు, కొంత కాలానికి. అప్పటికి పావు చుట్టు సంగతి ఎవరికీ గుర్తుండదు. కొత్త వాల్వు వేసే పనీ ఆ మేస్త్రీకే రావచ్చు.

మా వృత్తిలోనూ ఈ పావు చుట్టు ఉంది. తీర్చలేని బాకీదారుకు కొత్త అప్పిచ్చి, దాంతో పాత వడ్డీ కట్టించుకుంటే ఖాతా చప్పుడు చెయ్యదు. ఒకప్పుడు చాలా ఖాతాల్లో వడ్డీ చేతికి రాకపోయినా ఆదాయంగా రాసుకునేవారు. 1991లో నరసింహం కమిటీ నివేదిక వచ్చాక, 1992-93 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు పెట్టింది. 2004 మార్చి నుంచి తొంభై రోజుల గడువు వచ్చింది. అయినా బిగించే చేతులు దారి వెతుక్కుంటూనే ఉన్నాయి. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యతను స్వయంగా తరచి చూడడం మొదలుపెట్టింది. 2018 మార్చి నాటికి మొండి బాకీలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటినట్టు తేలింది. జబ్బు ఆ మూడేళ్లలోనే వచ్చిందని జనం అనుకున్నారు. అందులో చాలా మటుకు పాత జబ్బే. కొత్తగా వచ్చింది చప్పుడు.

అయితే నింద అంతా మేస్త్రీ మీదా, మేనేజరు మీదా వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. సరైన కొలత పెట్టి, "కాస్త చప్పుడుంటుందండీ, ఉండనివ్వండి" అన్న మేస్త్రీ దగ్గరికి మనం రెండోసారి వెళతామా? పక్క షెడ్డుకు వెళతాం. బాకీ మొండిదని మొదట రాసిన మేనేజరును మీటింగులో నిలబెట్టి అడుగుతారు. దాచినవాడికి బదిలీ దాకా శాంతి. ఇంట్లోనూ అంతే. ఎదురు చెప్పిన కొడుకు చెడ్డవాడు, నోరెత్తని కోడలు బంగారం. చప్పుడును శిక్షించేవాడికి చివరికి నిశ్శబ్దమే మిగులుతుంది. అది ఏ రకం నిశ్శబ్దమో అడిగే హక్కును అతను ముందే పోగొట్టుకున్నాడు. కనుక నిజం చెప్పడమనే ధర్మంలో సగం భారం వినేవాడి మీద ఉంది. మన నీతి గ్రంథాలు చెప్పేవాడికి చేసినన్ని బోధలు వినేవాడికి చెయ్యలేదేమోనని నాకనిపిస్తుంది.

అలాగని చప్పుడే సత్యమనను. వదులు టాపెట్టుకూ దోషముంది. ప్రతిదానికీ గొంతెత్తేవాడు బలమంతా చప్పుడుకే ఖర్చు పెట్టి, తెరవవలసిన తలుపు సగమే తెరుస్తాడు. అతని మాటలో నిజమెంతో తెలుసుకోవాలన్నా చల్లారనిచ్చి చూడవలసిందే. కోపం మీద ఉన్నప్పుడు తీసిన కొలత మర్నాటికి నిలవదు.

ఏతావాతా చెవికి తీర్పు చెప్పే అధికారం లేదు, అనుమానించే అధికారం మాత్రమే ఉంది. తీర్పు వేళ్లది. మూత విప్పి, పుష్‌రాడ్డును పట్టుకుని తిప్పి చూడాలి. మనింట్లో, మన ఆఫీసులో చాలా కాలంగా ఏ చప్పుడూ చెయ్యని మనిషి ఎవరైనా ఉంటే, కాస్త తీరిక చేసుకుని పక్కన కూర్చుని, ఎలా ఉన్నారని అడగాలి. జవాబు మనకు నచ్చకపోయినా చివరిదాకా వినాలి.