జటాయువు పొరుగు

పది సంవత్సరములు మునుల యాశ్రమములలో గడపిన పిమ్మట శ్రీరాముడు తమకొక తావు చూపుమని అగస్త్యమహర్షి నడుగగా, ఆ మహానుభావుడు గోదావరికి చేరువనున్న పంచవటిని చెప్పెను. అచ్చటికి చేరి రాముడు తమ్మునితో, వైదేహికిని నీకును నాకును మనసు నిలుచునట్టిదియు, నీరు చేరువగా నున్నదియు, పూలు, సమిధలు, దర్భలు దొరకునదియు నగు చోటు వెదకుమనెను; అందు సీత పేరే మొదట పలికెను. లక్ష్మణుడు, చోటు నీవే చూపుము, కట్టుట నా వంతని చేతులు జోడింపగా, రాముడతని చేయి పట్టుకొని కొనిపోయి సమతలమగు నొక నేలను చూపెను.

అంతకుమున్నే దారిలో జటాయువు కనబడెను. తాను దశరథుని మిత్రుడననియు, మీరిరువురును వెలుపలికి పోయినవేళ సీతను తాను కనిపెట్టుకొని యుందుననియు ఆ వృద్ధపక్షి పలికెను. ఈ పక్షితో కూడ ఇచ్చటనే యుందమని రాముడు నిశ్చయించుకొనెను. అరువది వేల యేండ్ల ప్రాయమున ఆ పొరుగువాడు మాట నిలుపుకొనుటకై రావణునితో పోరి రెక్కలు తెగి నేలకూలగా, రాముడు కన్నతండ్రికి వలె చితి పేర్చి, ఏ గోదావరి చేరువను కోరి యిల్లు కట్టుకొనెనో ఆ గోదావరిలోనే అతనికి ఉదకము విడిచెను. ఈ ఘట్టమును నేనెన్నడును కన్ను చెమర్చక చదువజాలను.

ఇట్లే చోటు వెదకుచు, మా మేనకోడలును ఆమె భర్తయు హైదరాబాదులో మొదటి యిల్లు కొనదలచి, ఇరువది యేండ్ల బ్యాంకు అప్పునకు సిద్ధపడి, నన్ను వెంటబెట్టుకొని తిరిగిరి. చెరువు కెదురుగా ఒక ఫ్లాటు. తూర్పు వాకిలి, చౌక ధర. పత్రములలో ఎఫ్‌టీఎల్, అనగా చెరువు నిండినప్పటి నీటిమట్టపు, హద్దునకు వెలుపలనే యున్నది. వీధి మలుపున పూలమ్ముకొను ముసలమ్మ మల్లెమాల మూర చేతితో కొలిచి యిచ్చుచు, ప్రహరీగోడపై కొత్త సున్నము క్రింద మసకగా తోచుచున్న నడుమెత్తు గీతను వ్రేలితో చూపి, "గా ఏడు నీళ్లు గీడిదాంక వచ్చినయ్ బిడ్డా" అనెను. ఆమె చెప్పినది 2020 అక్టోబరు వానలమాట.

నీటిని మరచుట ఈ నగరమునకు తగదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణలోని చింతచెట్టు 150 మందిని కొమ్మలపై నిలిపి కాచినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద నేర్పిన పాఠమువలననే వెలసినవి. మాసాబ్ ట్యాంకులో నేడు చెరువు లేదు, పేరు మిగిలినది. వాకిలి దిక్కు నడుగుట పెద్దల యాచారము, దానిని నేను కాదనను. కాని ఆ నేల నిన్న నేలయేనా, నీరా యని అడుగుటయు, ఎదురింట నెవరున్నారని అడుగుటయు అంతకంటె మొదటి శాస్త్రము.

సాయంకాలము పాత కాలనీలో ఒక చిన్న యిల్లు చూడబోతిమి. ప్రక్కింటి పెద్దావిడ తులసికి నీరు పోయుట యాపి, చెంబు క్రింద పెట్టి, మా మేనకోడలి చంకలోని పాపను చూచి, "ఇద్దరూ ఉద్యోగాలకు పోతారా అమ్మా? మీరొచ్చేదాకా నా దగ్గరే ఆడుకుంటుందిలే" అనెను. మా మేనకోడలు ధర యడుగుట మరచి, ఆమె చూపిన అరుగుపై కూర్చుండెను.