పండ్రెండవవాడు

లోకమున మొదటివానికి కీర్తి గలదు. కడపటివానికి జాలియైనను గలదు. ఈ యిరువురకును నడుమ, పిలుపునకై యెదురుచూచుచు బల్లమీద గూర్చుండువానికి మాత్రము రెండును లేవు. పదునొకండుగురు ఆడుచుండగా వారిలో నొకనికి కాలు బెణికినప్పుడుగాని యీతని పేరు వినబడదు. ఇట్టి పండ్రెండవవానిని గూర్చి నీతిగ్రంథములు మాటాడుట యరుదు. మేము నేడు మాటాడవలసివచ్చినది.

మేము ఉప్పలునకును నాచారమునకును నడుమనున్న యొక పాఠశాలలో బోధించువారము. ఒకప్పుడు వేర్వేరు గ్రామములై యుండిన యీ రెండును నేడు మహానగరమున గలిసిపోయినవి. నాచారమున కర్మాగారములు, ఉప్పలున క్రికెట్టు క్రీడారంగము. మా తరగతులలో గూర్చుండువారు పెక్కండ్రు కార్మికుల బిడ్డలు. వారిలో నొకడు ఫుట్‌బాలునందు మిక్కిలి చురుకైనవాడు. ఇంటరు ముగించి మాయొద్దకు వచ్చి, ఒక కళాశాలవారు రుసుములో సగము తగ్గించి తమ జట్టులో అదనపు ఆటగానిగా చేర్చుకొందుమనిరని చెప్పెను. సంతోషముతో చేరుమంటిమి. ఆ జట్టున ముఖ్యస్థానములన్నియు దూరరాష్ట్రముల నుండి రప్పింపబడిన యువకులవని మేమెరుగుదుము, ఎరిగియు చెప్పితిమి. అతడు మూడేండ్లు తెల్లవారకముందే లేచి అభ్యాసమునకు బోయెను. ఆ మూడేండ్లలో పోటీలయందు అతడాడిన కాలమంతయు గూర్చినను ఒక గంటకు మించదు. చదువు వెనుకబడెను. మొన్న మా యింటికి వచ్చి, నిష్ఠూరమొక్కటియు నాడక, "సార్, మా తమ్మునికి గూడ గట్లనే సీటిస్తమంటున్నరు. పంపాల్నా, వద్దా?" అని యడిగెను.

మేము వెంటనే యుత్తరము చెప్పలేకపోతిమి. కళాశాలల జట్లు తమ పొరుగు బాలురను అదనపు ఆటగాండ్రుగా జేర్చుకొనుట ధర్మమా కాదా యని అప్పటినుండి విచారించుచున్నాము.

ఈ ప్రశ్న మనకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికాలో ఫుట్‌బాలనబడు ఆట వేరు. అందు బంతిని చేతబట్టి యెదుటివారి నడుమనుండి పరుగెత్తువాడొకడుండును. అతనికి దెబ్బ తగులుట సామాన్యము గనుక వెనుక నింకొకడు సిద్ధముగా నుండవలెను. అచ్చటి పెద్ద విశ్వవిద్యాలయములు ముఖ్యులైనవారిని దేశమంతట వెదకి విద్యార్థివేతనమిచ్చి తెచ్చుకొని, వెనుక నుండువారిగా వేతనము లేని పొరుగు బాలురను చేర్చుకొనుట చిరకాలపు వాడుక. 2025లో జట్టునకు 105 మందికి మించరాదను నియమము వచ్చినంతనే చాలమంది వేతనములేని వారి స్థానములకే మొదట ముప్పు వచ్చెను. ఎవరికి బాకీ తక్కువయో వారినే మొదట సాగనంపుట లోకరీతి గదా!

ఇందు రెండు పక్షములు గలవు. ప్రతిభయే ప్రమాణమనువారు మొదటివారు. వేణువులను పంచిపెట్టవలసివచ్చినప్పుడు వానిని కులీనునకు గాక చక్కగా నూదగలవానికే యీయవలెనని అరిస్టాటిలు తన రాజనీతిగ్రంథమున వాదించెను. ఆటస్థలమున ఊరుపేరుల నడుగుట అన్యాయమని మన భారతమును చెప్పుచున్నది. అస్త్రవిద్యాప్రదర్శనమున కర్ణుడు రంగమున నిలిచినప్పుడు కృపాచార్యుడు అతని వంశమడిగెను. ఆ ప్రశ్న యెంత యనర్థమునకు దారితీసెనో తెలియనివారు లేరు. కులమడుగుట తప్పైనప్పుడు ఊరడుగుట యొప్పగునా యని వీరి వాదము.

రెండవ పక్షమువారు తమ నేలపై వెలసిన సంస్థయందు తమ బిడ్డలకు భాగముండవలెనందురు. హైదరాబాదువారికి ఈ మాట క్రొత్తది కాదు. నిజాముకాలమున 1919లో వెలువడిన ముల్కీ నిబంధనలును, 1952లోను 1969లోను చెలరేగిన యాందోళనములును, 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమును ఈ యొక్క ప్రశ్న చుట్టును దిరిగినవే. ఇతరదేశములందును దృష్టాంతములు గలవు. స్పెయినులోని బిల్బావో జట్టు బాస్కు ప్రాంతమున బుట్టినవారినో, అచ్చట ఆట నేర్చినవారినో తప్ప చేర్చుకొనదు. అయినను ఆ దేశపు మొదటి శ్రేణినుండి యెన్నడును దిగజారలేదు. 2024లో రాజు పేర జరుగు పోటీని గెలిచెను. 1967లో యూరపు కప్పు గెలిచిన సెల్టికు జట్టువారందరును గ్లాస్గోకు ముప్పది మైళ్లలోపల బుట్టినవారు.

దూరమేల? మా నగరపు చరిత్రయే చాలును. సయ్యద్ అబ్దుల్ రహీము మావలెనే బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణమున భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున నాల్గవ స్థానమును బొందెను. ఆ జట్లలో మా నగరపు బాలురు పలువురు. నాచారమునకు మిక్కిలి దూరము కాని అమ్ముగూడలో బుట్టిన తులసీదాసు బలరాము వారిలో నొకడు. ఈ బాలురు ఎక్కడనుండియో ఊడిపడినవారు కారు. ఒక పంతులు వారిని ప్రతిదినము చూచెను గనుక వారు కానవచ్చిరి. పొరుగువానియందు ప్రతిభ యధికమని మేమనము. పొరుగువాని ప్రతిభను చూచుట సులభమనియు, చూడకపోవుట యపరాధమనియు మాత్రమందుము.

అయినను ఇదే చరిత్ర రెండవ పక్షమువారిని గూడ హెచ్చరించుచున్నది. బలరాము కలకత్తాకు బోయి ఈస్టు బెంగాలు జట్టున నాడి యచ్చటివారి మన్నన బడసెను. కలకత్తావారు నాడు తలుపు మూసియున్నచో ఆ ప్రతిభ యేమై యుండును? మన పిల్లలు పరులయింట ఆడవలెను, పరుల పిల్లలు మనయింట ఆడరాదనుట న్యాయము కాదు.

ఇక ఉప్పలు క్రీడారంగమును జూతము. 2021లో హైదరాబాదు పేర నాడు క్రికెట్టు జట్టున హైదరాబాదువారు లేరని నగరపు శాసనసభ్యుడొకరు బహిరంగముగా నాక్షేపించిరి. ఆటో నడుపువాని కుమారుడైన సిరాజు 2017లో ఆ జట్టుననే 2 కోట్ల 60 లక్షల వెలకు చేరి, మరుసటియేడు బెంగుళూరు జట్టునకు బోయెను. తిలకు వర్మ 2022లో ముంబయి జట్టువారికి దొరకెను. ఇది చూచి మావారు నొచ్చుకొనుట సహజమే. కాని వేలమున ఆటగాండ్రను కొను జట్టు వర్తకసంస్థ. దానికి ఊరు పేరు ఒక చిహ్నము. 2019లో స్థాపితమై 2022లో దేశపు ఫుట్‌బాలు లీగును గెలిచిన హైదరాబాదు జట్టు 2025లో ఢిల్లీకి తరలి పేరు సైతము మార్చుకొనెను. అంగడి యెచ్చట లాభమో యచ్చటికి బోవును. దానిని తప్పుపట్టి ప్రయోజనము లేదు.

కళాశాల యంగడి కాదు. అందు చేరువాడు సరకు కాడు, కూలివాడు కాడు, విద్యార్థి. ఈ భేదమును మరచుటయే మా చిక్కునకు మూలము. దీనిని తేల్చుటకు మా కొక పాతగ్రంథము తోడ్పడినది.

జైమిని మీమాంసాసూత్రముల యారవ యధ్యాయమున ప్రతినిధి విచారము గలదు. యాగమునకు వ్రీహులు దొరకనిచో వానిని బోలిన నీవారములను గొనవచ్చును. దేవతకును, అగ్నికిని, మంత్రమునకును ప్రతినిధి లేదు. యజమానునకును లేదు, ఏలయన ఫలము కోరువాడు తానే. కాని పదునేడుగురో యంతకెక్కువమందియో యజమానులై గూడి చేయు సత్రమున నడుమ నొకడు తప్పిపోయినచో, లెక్క తగ్గకుండుటకై వేరొకని దెచ్చి కూర్చుండబెట్టవచ్చును. అట్లు వచ్చినవాడు యజమానుడా, పనివాడా? పనివాడే యని సిద్ధాంతము. అతడు యజమానుల నియమములన్నిటిని పాటింపవలెను. ఫలము మాత్ర మతనికి రాదు.

ఇది చదివినప్పుడు మా శిష్యుడే మాకు గోచరించెను. తెల్లవారుజామున లేచుట, పరుగు, ఆహారనియమము, దెబ్బలు, శిక్షకుని మందలింపులు, అన్నియు సమానమే, ఫలము పదునొకండుగురిది. అయితే మీమాంసకులు అతనిని పనివాడనుటకు చెప్పిన హేతువు గమనింపదగినది: అతడు భృతి గొన్నవాడు. ఫలము లేనివానికి భృతి యుండవలెనని వారి మాటలోనే యున్నది. సగము రుసుము తగ్గించి, మూడేండ్ల యుదయములను, చదువునకు వలసిన గంటలను గొనుట భృతియనిపించుకొనునా? మానవుని కేవలము సాధనముగా వాడరాదని కాంటు పండితుడు 1785లో చెప్పినది మనవారి యీ లెక్కకంటె కఠినమైనది కాదు.

మరియు కళాశాలయందలి యాగము విద్య. దాని ఫలము కోరువాడు విద్యార్థి. కావున అచ్చట ప్రతి విద్యార్థియు యజమానుడే. వానిని పనివానిగా మార్చిన కళాశాల యేకర్మకై తాను వెలసెనో దానినే మరచినది. వేణువును చక్కగా నూదువానికే యీయవలెనను వాదము కచేరీకి తగును. వేణువు నేర్పు పాఠశాలకు తగదు.

కావున మా తీర్పిది. పొరుగు బాలురను చేర్చుకొనవలసినదే. కళాశాల యే నేలపై నిలిచినదో, ఎవరి పిల్లల రుసుములతో నడచుచున్నదో వారియెడ దానికి ఋణము గలదు. కాని బల్లకొరకే పొరుగువారినిగా జేర్చుకొనరాదు. ముఖ్యస్థానములకు దూరమువారును బల్లకు దగ్గరివారును అనుట వాడుకయైనచో, స్థానికుడనుమాటకు తక్కువవాడను నర్థము స్థిరపడును. బిడ్డలు దానిని నమ్ముట మొదలిడుదురు. అంతకంటె, పిలువకుండుటయే మేలు. అందరును ఒకే పరీక్షకు నిలువవలెను. అందు దూరమువాడు బల్లపై గూర్చుండవలసివచ్చిన గూర్చుండనిండు.

చేర్చుకొన్నవానికి మూడు బాకీలు తీర్పవలెను. మొదటిది సత్యము: నీకు ముందొకడున్నాడు, ఇన్నాళ్లవరకు నిన్నాడింపలేమని చేరకముందే చెప్పుట. రెండవది ఆట: నేడు ఫుట్‌బాలు నియమములే ఒక పోటీలో ఐదుగురను మార్చుట కంగీకరించుచున్నవి, ప్రపంచపు కప్పున 1970 వరకు ఒక్కనిని మార్చుటకైన వీలు లేకుండెను. ఇట్టి వెసులుబాటున్నను అదనపువానికి ఆట చూపకుండుట కేవలము గెలుపు పిచ్చి. మూడవది చదువు: అభ్యాసమున బోయిన గంటలకు బదులు పాఠములు మరల చెప్పుట.

ఇట్లు చేసినచో జట్టు ఓడునందురేమో. కొన్ని పోటీలు ఓడవచ్చును. కళాశాల ఒక పోటీలో నోడుట నష్టమే. అందుకై యొక బాలుని మూడేండ్లు చెడుట యంతకంటె పెద్ద నష్టము. మొదటిది పలకపై వ్రాయబడును. రెండవది యెచ్చటను వ్రాయబడదు. అంతమాత్రమున అది లేకపోదు.

ఈ విచారముతో మేము ఆ తమ్ముని వెంటబెట్టుకొని కళాశాలకు బోయితిమి. అన్న వచ్చినప్పుడు మేము పోలేదు; పోయియుండవలసినది. శిక్షకుడు మా ప్రశ్నలకు కోపింపలేదు. ఈ మాటలు చేరుటకు ముందడిగినవారు తనకు దొరకలేదని చెప్పి, కొంతసేపాలోచించి, మొదటి యేడు ఆటకు హామీ యీయజాలననియు, రెండవయేడు నుండి జిల్లాపోటీలలో తప్పక నాడింతుననియు, సాయంకాలపు పాఠములకు సెలవిత్తుననియు జెప్పెను. ఆ మాట నిలుచునో లేదో ముందుముందు తెలియును. బాలుడు తలవంచుకొని విని, "అయితే చేర్త సార్. ముందే తెలిసె గద" యనెను.

వెలుపల చెట్టుక్రింద నిలిచియున్న యన్న యీ మాట విని నవ్వెను. ఆ నవ్వున మమ్ము క్షమించుట యెంత గలదో మేము నిర్ణయింపలేము. మా తోటి యుపాధ్యాయులను మాత్రమొకటి వేడుచున్నాము: మీ బాలునొకనికి ఎచ్చటనైన బల్లపై చోటు దొరకినప్పుడు, అభినందించుటకు ముందు ఆ బల్లయొద్దకు బోయి చూచి రండు.