రక్షణ భారం ఎవరిది?

అంతరిస్తున్న మృగజాతిని కాపాడటం ధర్మమని అందరూ ఒప్పుకుంటారు. ఆ ధర్మానికి మూల్యం ఎవరు చెల్లించాలన్నదే అసలు ప్రశ్న.

ఆఫ్రికాలోని గ్రేవీ జీబ్రాలు 1970 దశకం చివర సుమారు 15,000. నేడు దాదాపు 3,000. చర్మం కోసం సాగిన వేట కొంత, పచ్చికకూ నీటికీ పశువుల మందలతో పోటీ కొంత వాటిని క్షీణింపజేశాయి. అయినా కెన్యాలో నేడు వాటికి కాపలా కాస్తున్నవారిలో ఆ మందలను మేపుకునే సంబురు స్త్రీపురుషులే ఉన్నారు.

మనకు చేరువలోని చారల మృగం పెద్దపులి. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. ఆ కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ మన మైదానాలకు దిగివస్తుంది. నీరు మన పొలాలకూ, కీర్తి ప్రభుత్వానికీ దక్కగా, ఆంక్షలు మాత్రం చెంచుల పాలైనాయి.

పులికి మరో చోటు లేదు, మనిషి ఎక్కడైనా బతకగలడని కొందరి వాదన. సరే, ఆ సూత్రాన్ని మన పత్తి, మిరప చేలకు వర్తింపజేస్తే ఒప్పుకుంటామా? మన గట్టు దగ్గర ఆగిపోయే సూత్రాన్ని నీతి అనటం కష్టం.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఒకటి వింతగా తోస్తుంది. చెంచులక్ష్మిని నరసింహస్వామి ఇల్లాలిని చేసి పాడుకున్న మనమే ఆమె పుట్టింటివారిని అడవిలో పరాయివారిగా చూస్తున్నాం.

2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణులను కాపాడే అధికారాన్ని గ్రామసభలకు ఇచ్చింది; వారి సమ్మతి లేని తరలింపును నిషేధించింది. పులి అడుగుజాడను పోల్చగల చెంచులు ఇప్పటికే అక్కడ కాపలా పనిలో ఉన్నారు. కూలితో పాటు నిర్ణయంలో భాగమూ వారికి దక్కాలి. అంతవరకు పులి రక్షణను గురించి మనం చెప్పే నీతి ఒకరి సొమ్ముతో మరొకరు చేసే దానమే.