కొలత ఎవరి పని?

నర్సుల పనిని ‘సేవ’ అనడం నాకు కొంతకాలంగా ఇబ్బందిగా ఉంటోంది. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనను. కానీ ఆ గౌరవం చాటున జ్ఞానం కనబడకుండా పోతుంది. ఓర్పూ ప్రేమా ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చేవే కదా, వాటికి చదువెందుకు, మంచి జీతమెందుకు అనే వాదనకి అక్కడే చోటు దొరుకుతుంది.

ఒంట్లో సోడియం తగ్గిన ఒక పెద్దావిడని ఊహించుకుందాం. లీటరు రక్తంలో 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సింది 115కి పడిపోతే మనిషి తికమకపడుతుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్లు చాదస్తం అని సరిపెట్టుకుంటారు. (ఆడవాళ్ల మాటని చాదస్తమనడం మనకేం కొత్త!) నిన్నటికీ ఇవాళ్టికీ తేడాని పసిగట్టాల్సింది మంచం పక్కనుండే నర్సు. చికిత్సలో ఇంకో మెలిక ఉంది. తొందరగా బాగుచెయ్యమని ప్రేమ అంటుంది. 24 గంటల్లో 8, మహా అయితే 10 మిల్లీమోల్స్‌కి మించి పెరిగితే మెదడులో నరాల పైపొర దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోవచ్చని శాస్త్రం అంటుంది. అందుకని సెలైన్ వేగం చూసుకుంటూ, తాగిన నీళ్లూ వచ్చిన మూత్రమూ కొలిచి రాస్తూ, మూత్రం ఉన్నట్టుండి ఎక్కువైతే వెంటనే డాక్టర్ని పిలవాలి. జోన్ ట్రాంటో 1993లో ‘మోరల్ బౌండరీస్’లో శ్రద్ధ, బాధ్యతలతో పాటు సామర్థ్యాన్ని కూడా నైతిక గుణంగా ఎందుకు లెక్కించారో నాకు ఇలాంటి చోటే అర్థమవుతుంది.

మరి నర్సు ఒక్కతే, మంచాలు బోలెడు ఉన్న వార్డులో ఈ కొలత ఎవరి మీద పడుతుంది? ‘‘ఎంత వచ్చిందో చూసి చెప్పమ్మా’’ అని గీతలున్న జగ్గు కోడలికో కూతురికో ఇస్తారు. కొడుకు చేతికివ్వడం నేను చూడలేదు. ఎందుకు కొలవాలో ఆమెకి ఎవరూ చెప్పరు. పక్కమీద పోయినదాన్ని ఆమె ఉజ్జాయింపుగా కలిపి చెబుతుంది, అదే చార్టులో అంకె అవుతుంది. ఏదైనా జరిగితే నర్సుని నిందించడం తేలిక. ఖాళీలు భర్తీ చెయ్యనివాళ్ల సంతకం ఆ చార్టులో ఉండదు.

అలాగని ఇంటివాళ్ల చేతులు పనికిరావనడం లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల్లో కలరా చెలరేగినప్పుడు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్‌లో దిలీప్ మహలనాబిస్ బృందం ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా కలిపిన నీళ్లని బంధువుల చేత కూడా తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఎలా తాగించాలో వాళ్లకి చెప్పి మరీ అప్పగించారు. మన వార్డులో కోడలి పక్కన రెండు నిమిషాలు కూర్చుని అలా చెప్పాలన్నా అక్కడ ఇంకో నర్సు ఉండాలి.