మిత్రకీటకములు – హింసావిచారము

పంటను కాపాడుకొనుటకు పురుగును చంపవచ్చునా యను ప్రశ్నకు లోకవ్యవహారము చాలకాలము క్రిందటనే సమాధానము చెప్పినది. అన్నము కావలెనన్న పురుగు తొలగవలెను. అయితే అది యెవరిచేత తొలగవలెను, ఎంతవరకు తొలగవలెను, దానివెంట మరి యెవ్వరెవ్వరు నశింతురు అను ప్రశ్నలను మాత్రము మన మంతగా విచారించినట్లు కనబడదు. విచారింపకుండుటవలన గలిగిన నష్టము సామాన్యమైనది కాదు. ఓరుగల్లు ప్రాంతమువారికి దీనిని వేరొకరు బోధింప నక్కఱలేదు.

1997-98వ సంవత్సరపు ప్రత్తిపంట కాలమును ఇచటి పల్లెలు ఇంకను మఱచిపోలేదు. ఆ యేడు పొగాకు లద్దెపురుగును, శనగపచ్చపురుగును చేలపై విరుచుకుపడినవి. రైతులు అప్పుచేసి మందు కొనిరి. ఒక మందు పనిచేయకపోగా రెండవది కొనిరి. రెండుమూడు కలిపి చల్లిరి. పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. మందు నరువిచ్చినవాడే పంట కొనువాడును, వడ్డీ కట్టువాడును అయియుండుట పలుచోట్ల వాడుక. తుదకు వరంగల్లు జిల్లాలో నెందఱో రైతులు తమ ప్రాణములు తాము తీసికొనిరి. వారిలో పలువురు త్రాగినది పురుగుకై కొనితెచ్చిన యా మందునే. పురుగును చంపజాలని విషము మనుష్యుని చంపగలిగినది. దీనికి వేరొక వ్యాఖ్యానము వ్రాయ నవసరము లేదు.

ఇట్లేల జరిగినది? ఏ విషమైనను చేనిలోని పురుగుల నన్నింటిని చంపదు. ఏ కొన్నింటికో దానిని సహించు శక్తి పుట్టుకతోనే యుండును. తక్కినవి చావగా ఆ కొన్నియే గ్రుడ్లు పెట్టును. కొన్ని తరములకు చేనంతయు వాని సంతతితో నిండును. ఇది యొక కారణము. రెండవ కారణ మింతకన్న సూక్ష్మమైనది. చేనిలో ఆకు తిను పురుగులే కాక, ఆ పురుగులను తిను పురుగులును గలవు. మందు చల్లినపుడు రెండు తెగలును చచ్చును. ఆకు ఎప్పటివలెనే యుండును గనుక ఆకుతిను పురుగు శీఘ్రముగా మరలివచ్చును. పురుగుతిను పురుగునకో, తన యాహారము పెరిగిన పిమ్మటగాని తిరిగి వృద్ధిపొందుట కవకాశము లేదు. ఈ నడిమికాలమున చేనికి కావలి యుండదు. దొంగతోపాటు కావలివానిని గూడ చంపుకొన్నవాడు, మఱునాటి రాత్రి మఱియొక దొంగ వచ్చెనని వాపోవుట యెట్టిదో, ఇదియు నట్టిదే.

ఈ కావలివారిని మన పెరటిలోనే చూడవచ్చును. చిక్కుడుతీగ లేతకొనకు పేనుబంక పట్టినపుడు, ఎఱ్ఱని గుండ్రని వీపుపై నల్లని చుక్కలు గల అక్షింతలపురుగు అచటికి వచ్చి చేరును. అది తన జీవితకాలమున వందలకొలది పేనుబంక పురుగులను తినును. ఆకుపచ్చని పలుచని రెక్కలు గల అల్లికరెక్కలపురుగు సన్నని దారము వంటి కాడల చివర గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడిన పిల్లలు పేనుబంకను పట్టి పీల్చివేయును. సాలీడు, తూనీగ, ముందుకాళ్లు జోడించి కూర్చుండు గొల్లభామ, వీనిని మన మందఱము ఎఱుగుదుము. కంటికి ఆనీయానని ట్రైకోగ్రామా యను మఱియొక జీవి గలదు. అది మిల్లీమీటరు పొడవైనను లేని కందిరీగ జాతిది. రెక్కలపురుగు పెట్టిన గ్రుడ్డులోనే ఇది తన గ్రుడ్డు నుంచును. ఆ గ్రుడ్డు నల్లబడును. వారము పదిదినములలో దానినుండి లద్దెపురుగునకు మాఱుగా మఱియొక చిన్నకందిరీగ వెలువడును. ఆకు కొఱుకబడకముందే కథ ముగియును. బియ్యపు చిలుక గ్రుడ్లపై వీనిని పెంచి, అట్టముక్కల కంటించి, చేలలో కట్టుట నేడు వాడుకలో నున్నది. ఒక్కొక్క అట్టపై సుమారు 20,000 గ్రుడ్లుండును.

బడిపిల్లలకు అక్షింతలపురుగును చూపిన, ముద్దుగా చేతిపై నెక్కించుకొందురు. నల్లగా, ముండ్లతో, చిన్న మొసలివలె నుండు దాని పిల్లను చూపిన, అసహ్యించుకొని కాలితో నలిపివేయుదురు. పెద్దలును ఇదే చేయుదురు. పేనుబంకను తినుటలో తల్లికన్న ముందుండు నా పిల్లయే మనచేత ముందుగా చచ్చుచున్నది. తెలివిలేని దయ యెవరిని కాపాడవలెనో యెఱుగదు. కావున నీ విషయమున ధర్మమునకు మొదటిమెట్టు చూచుట, గుర్తించుట.

ఇది యొక్క మన నాటి పాఠము మాత్రమే కాదు. కాలిఫోర్నియాలోని నారింజతోటలను ఒక పొలుసుపురుగు నాశనము చేయుచుండగా, 1888లో ఆస్ట్రేలియానుండి ఒకజాతి అక్షింతలపురుగును తెచ్చి వదలిరి. ఒకటి రెండేండ్లలో తోటలు తేఱుకొన్నవి. తరువాత 1940వ దశకమున డీడీటీ వచ్చినది. దానిని చల్లినచోట్ల అక్షింతలపురుగు చచ్చినది, పొలుసుపురుగు తిరిగి వచ్చినది. ఇండోనీషియాలో వరికి సుడిదోమ తెగులు ప్రబలినపుడు, మందులే సాలీళ్లను చంపి దోమను పెంచుచున్నవని గ్రహించి, 1986లో నా ప్రభుత్వము 57 రకముల మందులను వరిపై నిషేధించినది. చీనాలో 1958లో ధాన్యము తినుచున్నదను నేరమున పిచ్చుకలను వెంటాడి చంపిరి. పిచ్చుకలు తినవలసిన పురుగులు పంటలపై పెరిగినవి. 1960లో నా పని మానుకొనిరి. మన ఖమ్మము ప్రాంతపు పునుకుల గ్రామము 2003లో, నాటి వరంగల్లు జిల్లాలోని ఏనెబావి 2006లో రసాయనిక పురుగుమందులకు స్వస్తి చెప్పినట్లు ప్రకటించుకొన్నవి. ఏనెబావి సుమారు 50 కుటుంబముల పల్లె. ప్రత్తి చుట్టును లద్దెపురుగు నాకర్షించుటకు ఆముదము, శనగపచ్చపురుగు నాకర్షించుటకు బంతి వేసిరి. పక్షులు వ్రాలుటకు కొయ్యలు నాటిరి. వేపగింజల కషాయము కాచుకొనిరి. మందుల దుకాణమునకు పోవలసిన రొక్కము చాలవఱకు ఇంటనే నిలిచినది.

ఇంతవఱకు లాభనష్టముల మాట. ఇక ధర్మసందేహము. చదువరులలో సూక్ష్మదృష్టి గలవారిట్లు ప్రశ్నింపవచ్చును: "మీరు విషముతో చంపుట మాని, మఱియొక పురుగుచేత చంపించుచున్నారు. చంపినవాడును, చంపించినవాడును పాపమున సమానులు కారా? రాజు స్వయముగా కత్తి పట్టనంతమాత్రమున నతడు అహింసావ్రతుడగునా?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని మాటలతో కప్పిపుచ్చరాదు. అట్టముక్క పై ట్రైకోగ్రామాను తెచ్చి చేనిలో కట్టువాడు హింసకే కట్టుచున్నాడు. ప్రకృతియే చేయుచున్నది, నాకేమి సంబంధ మని తప్పించుకొన వీలులేదు.

మన పూర్వులు దీనిని ఎఱుగనివారు కారు. భారతమున మాండవ్యుడు బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చిన నేరమునకు కొఱ్ఱు నెక్కవలసివచ్చినది. ఆ భారతముననే ధర్మవ్యాధుడు కౌశికునితో, నాగలి దున్నువాడు భూమిలోని జీవుల నెన్నింటినో చంపుచున్నాడని చెప్పి, హింస బొత్తిగా లేని బ్రదుకు లోకమున లేదని బోధించెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచుకొని చూడవలెను. మాండవ్యుని బాలుని చేష్ట అవసరము లేనిది, ఆట. వ్యాధుడు చెప్పిన సేద్యము అవసరమైనది, అయినను హింసయే. మొదటిది విడువదగినది, రెండవది కొలతలో నుంచదగినది. గృహస్థు నింట పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ యను నైదును వధస్థానములని స్మృతులు చెప్పినవి. పొయ్యి నార్పివేయుమని మాత్రము చెప్పలేదు. ప్రతిదినము అయిదు యజ్ఞములచేత ఆ ఋణమును తీర్చుకొమ్మనెను.

కావున ప్రశ్న, హింస యున్నదా లేదా యని కాదు. ఎంత, ఎవరికి, ఏ హద్దువఱకు అని. విషమునకు హద్దు లేదు. అది శత్రువును, మిత్రుని, తేనెటీగను, వానపామును, చల్లుచున్న కూలివానిని, బావినీటిని వేఱుపఱుపదు. దాని సంకల్పమే నిశ్శేషము చేయుట. కీటకమునకు హద్దు దాని ఆకలి. మఱియు నిందొక విచిత్రమైన నియమము గలదు: పేనుబంక పూర్తిగా లేని తోటలో అక్షింతలపురుగు నిలువదు, తినుట కేమియు లేక అది వెళ్లిపోవును, లేదా చచ్చును. మిత్రులుండవలెనన్న శత్రువులు కొంద ఱుండవలెను. కొన్ని ఆకులు చిల్లులు పడవలెను. ఈ పద్ధతి నవలంబించువాడు తన తోటలో కొంత పరుల పాలని ఒప్పుకొనక తప్పదు. నిశ్శేషవిజయము నాశించువానికి ఇది పనికిరాదు. నా దృష్టిలో దీని నైతికమైన విలువ యంతయు నీ ఒప్పుకోలుననే యున్నది.

మిత్రులు, శత్రువులు అను పేరులు గూడ మనము పెట్టినవే. కౌటిల్యుని రాజనీతిలో పొరుగురాజు శత్రువు, వానికి ఆవలి రాజు మిత్రుడు. అందు స్నేహ మేమియు లేదు. అక్షింతలపురుగునకు మన చిక్కుడుపాదుపై ప్రేమ లేదు. దాని కాకలి గలదు. సజీవమైన పురుగులో గ్రుడ్లుపెట్టి, లోపలినుండి దానిని తినిపించు కందిరీగలను దయామయుడైన దేవుడు కావలెనని సృష్టించెనని నమ్మజాలనని డార్విను 1860లో తన మిత్రునకు వ్రాసెను. ఆ సంగతిని పట్టి ప్రకృతి క్రూరమనుటయు, మన తోటకు మేలు గలిగినదని ప్రకృతి కరుణామయి యనుటయు, రెండును మన స్వార్థపు మాటలే. పేరును నమ్మి మోసపోయినవారును గలరు. 1935లో చెఱకు పురుగును తినునని ఆస్ట్రేలియాకు కొనిపోయిన కప్ప చెఱకునకు మేలు చేయలేదు. నాటి దేశవాళీ జంతువులకు విషమైనది. కాని 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి కనబడినపుడు, ఇతర జీవుల జోలికి పోదని ముందుగా పరీక్షించి 2010లో ప్యూర్టోరికోనుండి తెప్పించిన చిన్నకందిరీగలు దానిని అణచినవి. పరదేశపు మిత్రుని పిలుచుటకు ముందు అతడు విందుకు వచ్చి ఇల్లు ఆక్రమింపడని తెలిసికొనవలెను.

ఈ పద్ధతి సర్వరోగనివారిణి యని చెప్పుట సత్యము కాదు. 2021లో నల్లతామరపురుగు మన మిరపతోటలపై పడినపుడు, దానిని అదుపులో నుంచదగిన కావలివారు ఇచట చాలినంతమంది లేకపోయిరి. రైతు లెన్నో మందులు చల్లియు పంట పీకివేసికొనిరి. పెరటిలో నాలుగు వంగమొక్కలు గలవాడు చిల్లుపడిన ఆకును చూచి ఓర్చుకొనుట సులభము. కౌలుకు భూమి తీసికొని, అప్పుతో విత్తినవాని కది సులభము కాదు. వానికి ఓర్పు బోధించుటకు మన కేమి యధికారము గలదు? వాని ఓర్పునకు వెల నిచ్చువారు ఎవరు?

ఆ వెల నీయవలసినవారిలో మనమును ఉన్నాము. సంతలో వంకాయను త్రిప్పిత్రిప్పి చూచి, మచ్చ యున్న దానిని ప్రక్కకు నెట్టు ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు, రైతుచేత మఱియొకసారి మందు చల్లించుచున్నారు. పురుగును ముట్టని చేతులు గలవారమని మన మనుకొందుము గాని, చేనిలో నెంత విషము పడవలెనో సంతలో మన వ్రేళ్లు నిర్ణయించుచున్నవి. చంపించినవాని పాపమును గుఱించి యడిగిన ప్రశ్న మరల మన గుమ్మములోనికే వచ్చినది.

పంచయజ్ఞములలో భూతయజ్ఞమని యొకటి గలదు. భోజనమునకు ముందు ప్రాణికోటికి కొంత యన్నము వేఱుగా నుంచుట. ఆ యాచారము మన యిండ్లలో చాలవఱకు తొలగిపోయినది. పెరటిలో కొత్తిమీరను, సోపును కొంత కోయక పూవు పూయనిచ్చిన, ఆ పూదేనెపై కందిరీగలు బ్రదుకును. ఒక మూల కలుపు తీయక వదలిన, సాలీళ్లు నిలుచును. చిల్లుపడిన ఆకు నలువది దినము లట్లే యుండనిచ్చిన, అక్షింతలపురుగు పిల్లలు పెరుగును. మచ్చపడిన వంకాయను ఆ మచ్చ కోసివేసి వండిన, ఆ మేరకు ఒక రైతు ఋణమును తగ్గించినవార మగుదుము. ఇవి గొప్ప త్యాగములు కావు. పూర్వులు విస్తరిప్రక్కన నుంచిన పిడికెడన్న మెంతయో యివియు నంతయే. కాని ఆ పిడికెడు వేఱుగా నుంచినవాడే, తక్కిన యన్నము తనదని చెప్పుకొనుటకు తగినవాడు.