సొరంగములోని దయ్యము

కాల్కానుండి సిమ్లాకు పోవు కొండ రైలుమార్గమున బరోగ్ అను స్టేషను కలదు. దాని చెంతనే 33వ సంఖ్యగల సొరంగ మున్నది. పొడవు 1,143 మీటర్లకు పైబడిన యీ సొరంగమే ఆ మార్గమున కెల్ల దీర్ఘమైనది. ఇచట రైళ్లు 1903వ సంవత్సరమునుండి నడచుచున్నవి.

ఆ ప్రాంతమువారు పరంపరగా చెప్పుకొను కథ యిట్టిది. బరోగ్ అను ఆంగ్లేయ ఇంజనీరు మొదట వేఱొకచోట కొండను రెండు వైపులనుండి త్రవ్వించెను. ఆ త్రవ్వకములు నడుమ కలిసికొనలేదు. ప్రభుత్వమువా రాయనకు ఒక్క రూపాయి జరిమానా విధించిరి. అవమానము సహింపలేక ఆయన తుపాకితో కాల్చుకొని మరణించెను. ఆయన ప్రేతము నేటికిని ఆ పాడు సొరంగమున తిరుగుచున్నదట!

దయ్యపుమాటను ఖండించుట కష్టముగాదు. చీకటిలో చల్లగాలి వీచును. రాతినుండి నీరు కారును. మన యడుగుల చప్పుడే మనకు మాఱుమ్రోగును. ఒకరు చూచిరని మఱియొకరు చెప్పిన మాట న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువదని మా వృత్తి మాకు నేర్పినది.

కాని విచారణ యింతతో ముగియునా? దయ్యమును చూచి జడియువారు ఆ మరణమునకు కారణమేమని యడుగుట మఱచుచున్నారు. ఒక్క రూపాయి జరిమానా దయయే గదా యని కొందఱనవచ్చును. యోచింపుడు. ఆ రూపాయి వ్యర్థమైన వ్యయమును పూడ్చజాలదు. వంకరపోయిన త్రవ్వకమును సరిచేయజాలదు. ఒక మనుష్యునిచేత నలుగురిలో తల వంపించుటకు మాత్రము చాలును. ఆత్మహత్యను మేము సమర్థింపము. అయినను, తప్పును దిద్దని శిక్ష శిక్ష యనిపించుకొనదు, హింసయే యగును.

ఈ కథ యెంతవఱకు నిజమైనను, ఇట్టి జరిమానాలు మన యిండ్లలో నిత్యమును విధింపబడుచున్నవి. పరీక్ష తప్పిన బాలుని బంధువుల యెదుట నిందింతుము. లెక్క తప్పిన గుమాస్తాను కచేరీలో నందఱు వినునట్లు పరిహసింతుము. పిమ్మట వారికేదైన కీడు మూడినచో గ్రహచారమందుము, గాలి సోకినదందుము.

తరువాత హారింగ్టన్ అను ఇంజనీరు వేఱు దారిని నేటి సొరంగమును ముగించెను. దారి చూపినవాడు భల్కు అను కొండవాడని ప్రసిద్ధి. మొదటివానికి తప్పు తెలిసిననాడు అట్టి తోడు దొరకియుండినచో, ఆ కొండలో దయ్యపుకథయే పుట్టకపోవును. తప్పినవానిని ఒంటరిగా పిలిచి తప్పు చూపుట, దిద్దుకొనుటకు చేయూత నిచ్చుట మన ధర్మము.