నీటి గుణమా, ఉప్పు గుణమా?

వస్తువులో కనిపించే గుణం దాని స్వభావమా, పక్కనున్న దాని నుంచి వచ్చిన ఔపాధిక ధర్మమా అన్నది న్యాయ వైశేషికుల పాత ప్రశ్న. వారి లెక్కలో నీటికి చల్లదనం సహజం. కాగిన నీటి వేడి అందులో చేరిన తేజస్సుది. విద్యుత్ వాహకతకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

గ్లాసెడు డిస్టిల్డ్ వాటర్‌లో బ్యాటరీకి, చిన్న బల్బుకు కలిపిన రెండు తీగల కొసలు ముంచితే బల్బు వెలగదు. పంచదార కలిపినా అంతే. ఉప్పు కలిపితే వెలుగుతుంది. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది; విద్యుదావేశాన్ని మోసేవి అవే. ఈ అయాన్ల సిద్ధాంతానికి స్వాంటె అరీనియస్ 1884లో పునాది వేశాడు. పంచదార అణువులు అలా విడిపోవు.

అలాగని గుణమంతా ఉప్పుదే అనలేం. పొడి ఉప్పురాయిలో అయాన్లు ఉన్నా కదలలేవు. వాటిని విడదీసి కదలనిచ్చేది నీరే. పైగా స్వచ్ఛమైన నీటిలోనూ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు మోల్‌లో కోటో వంతు హైడ్రోజన్ అయాన్లు, అన్నే హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. అందుకే అది అత్యల్పంగానైనా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది.

రాగిలో తిరిగే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు రాగివే కనుక అక్కడ వాహకత స్వభావం. ఉప్పునీటిలో అది రెండింటి సంయోగ ఫలం.